సవరణ: ఆ ఫ్యూచర్స్ నష్టం నాదే

విజయవాడ గవర్నర్‌పేటలోని బ్రోకర్ ఆఫీసువాళ్లు చెప్పాపెట్టకుండా నా నిఫ్టీ ఫ్యూచర్స్ (నిఫ్టీ షేర్ల సూచీ మీద రాబోయే తేదీకి చేసుకునే ఒప్పందాలు) అమ్మేశారని, అందుకే నష్టపోయానని మొన్న రాశాను. అది తప్పు. నిన్న రాత్రి కాంట్రాక్ట్ నోట్లు (బ్రోకర్ పంపే కొనుగోలు, అమ్మకాల రసీదులు), ఫోన్లో మెసేజ్‌లు ముందేసుకుని చూశాను. మార్జిన్ (బ్రోకర్ దగ్గర హామీగా ఉంచే డబ్బు) తగ్గింది, డబ్బు వేయమని ఆ ఉదయమే రెండుసార్లు మెసేజ్ వచ్చింది. మార్కెట్ మళ్లీ లేస్తుందన్న ఆశతో నేనే పట్టించుకోలేదు, అందుకే వాళ్లు అమ్మేశారు. కొన్నదీ నేనే, ఎవరూ కొనమనలేదు.

ఇంకో పొరపాటు. షేర్లు కొనేవాళ్లలో నూటికి 93 మంది నష్టపోతారని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పిందన్నాను. 2024 సెప్టెంబరులో సెబీ ఇచ్చిన ఆ లెక్క ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే ఇలాంటి ఒప్పందాల్లో ట్రేడింగ్ చేసిన వ్యక్తులది, అదీ 2021-22 నుంచి మూడేళ్లది. షేర్లు కొని దాచుకునేవాళ్లకు వర్తించదు.

నా మాట నమ్మి ఆ ఆఫీసుకు ఫోన్ చేస్తున్నవాళ్లు దయచేసి ఆపండి.