గడ్డకట్టిన మర్యాద

మే నెలలో విజయవాడ ఎండ 43 డిగ్రీలు దాటినప్పుడు గృహస్థుడికి రెండే దారులు మిగులుతాయి. మజ్జిగ తాగి, తలుపులు బిగించుకుని పడుకోవడం మొదటిది. నాగరికుడు కావడం రెండోది. మొదటి దారిలో మా తాతముత్తాతలు నడిచారు గాని దానివల్ల వారికి పేరు ప్రతిష్ఠలేమీ రాలేదు. అందుచేత నేను రెండోదాన్ని ఎంచుకుని, బంగినపల్లి మామిడి ముక్కలను ఫ్రీజరులో గడ్డకట్టించి, జిన్‌తో కలిపి మిక్సీలో తిప్పి, పైన పుదీనా రెమ్మ నిలబెట్టి, పొడుగు కాడ గాజు గ్లాసులో సేవించాలని ఒక శనివారం రాత్రి సంకల్పం చెప్పుకున్నాను.

అపార్థాలకు తావివ్వకుండా ముందే ఒక మాట మనవి చేసుకోవాలి. ఇది మందు కాదు. మందు అనేది వైన్ షాపు పక్క సందులో, ప్లాస్టిక్ గ్లాసులో, పల్లీల పొట్లం చేతపట్టుకుని, తెలిసినవాళ్ళెవరైనా వస్తున్నారేమోనని వెనక్కి చూసుకుంటూ తాగేది. ఇది కాక్‌టెయిల్. మందు పుచ్చుకున్నవాడు గోడ పట్టుకుని ఇంటికి వెళతాడు. కాక్‌టెయిల్ పుచ్చుకున్నవాడు అక్కడే కూర్చుని దాన్ని ఎలా చేశాడో చెబుతాడు. ఈ ఇద్దరిలో రెండోవాడితోనే ఎక్కువ ప్రమాదమని మా ఆవిడ అభిప్రాయం. ఆవిడకు ఈ కళతో పరిచయం తక్కువ.

జిన్ అంటే ఏమిటో తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. రంగూ రుచీ లేని ఘాటైన స్పిరిటు తీసుకుని, అందులో జూనిపర్ కాయలు, ధనియాలు, నిమ్మ నారింజ తొక్కలు, రకరకాల వేళ్ళు వేసి మళ్ళీ బట్టీ పెడితే వచ్చేదే జిన్. జూనిపర్ తరువాత అందులో పెద్దపీట ధనియాలదేనన్న సంగతి తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. అంటే దొరలు ఇంతకాలంగా చేస్తున్నది సారాకు చారుపొడి వేయడమే. ఆ జూనిపర్‌ను మన ఆయుర్వేదం హపుష పేరుతో ఎప్పుడో గ్రంథస్థం చేసింది కనుక, ఈ పానీయం ఒక విధంగా కషాయమేనని వాదించడానికి కూడా అవకాశం ఉంది. ఈ వాదనను నేను ఇంట్లో వినిపించాను. ఫలితం గురించి ఇక్కడ ప్రస్తావించను.

జిన్‌కూ తెలుగు నేలకూ సంబంధం లేదనడం కూడా తొందరపాటే అవుతుంది. కంటోన్మెంట్లలోని తెల్ల సిపాయిలు మలేరియా భయంతో క్వినైన్ మింగవలసి వచ్చి, ఆ చేదును భరించలేక సోడా, పంచదార, నిమ్మరసం, జిన్ కలుపుకుని తాగేవారట. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ వైద్యుడు 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. ఆ దోమలు నేటికీ మన మధ్యనే ఉన్నాయి. కాబట్టి సాయంత్రం బాల్కనీలో గ్లాసు పట్టుకుని కూర్చున్నవాడు ప్రజారోగ్య చరిత్రకు కొనసాగింపు అవుతాడే తప్ప తాగుబోతు కాడు.

అయితే ఇదే జిన్‌ను పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో కూలినాలి చేసుకునేవాళ్ళు తాగినప్పుడు దాన్ని ఎవరూ ప్రజారోగ్యం అనలేదు. దేశం నాశనమైపోతోందని పెద్దమనుషులు గగ్గోలు పెట్టారు. పార్లమెంటు 1736లో ఒకసారి, 1751లో మరోసారి చట్టాలు చేసి దాన్ని కట్టడి చేయవలసి వచ్చింది. పాపం, ఆ పేదలు చేసిన తప్పల్లా గ్లాసులో పుదీనా రెమ్మ వేసుకోకపోవడమే. మన తాటికల్లుదీ అదే ఖర్మ. చెట్టు మీద, కుండలో, కరెంటు అక్కర లేకుండా తనంతట తాను తయారవుతుంది. తాగేవాడు ఏ శ్రమా పడడు, ఏ పరికరమూ కొనడు. అటువంటిదానికి గౌరవం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక తయారీ సంగతి. గడ్డకట్టిన పండే ఎందుకు, మామూలు పండులో ఐసు వేసుకోకూడదా అని అడిగేవారుంటారు. ఐసు కరిగితే నీళ్ళవుతుంది, రుచి పలచబడుతుంది. పండునే ఐసుగా మారిస్తే కరిగినా పండు రసమే కరుగుతుంది. సూత్రం ఇంతే. పండు ఎంపికలో మాత్రం జాగ్రత్త అవసరం. రసాలు పిండుకోవడానికే గాని కోయడానికి లొంగవు. పుచ్చకాయలో తొంభై పాళ్ళకు పైగా నీళ్ళే కావడం చేత అది గడ్డకడితే రాయితో సమానం. తాటి ముంజలను గడ్డకట్టించడానికి నాకు మనసొప్పలేదు. మనిషన్నాక ఎక్కడో ఒకచోట ఆగాలి. పీచు లేకుండా, చక్కగా ముక్కలకు లొంగి, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా పొందిన బంగినపల్లే ఇందుకు తగినదని తేల్చాను.

అసలు చిక్కు ఫ్రీజరు దగ్గర మొదలైంది. తెలుగు ఇంట్లో ఫ్రీజరు ఖాళీ స్థలం కాదు. తరతరాలుగా అనుభవంలో ఉన్న భూమి. మా ఇంట్లో కుడివైపు భాగం సంక్రాంతి నాటి పచ్చి బఠానీలది. ఎడమవైపున చింతచిగురు, కొబ్బరి తురుము, పాత పేపరులో చుట్టిన వంజరం ముక్కలు పక్కపక్కనే కాపురం ఉంటున్నాయి. మధ్యలో ఐస్‌క్రీం డబ్బా ఒకటి ఉంది, అందులో అల్లం వెల్లుల్లి ముద్ద ఉంది. ఐస్‌క్రీం డబ్బాలో ఐస్‌క్రీం ఉన్న ఇంటిని నేను ఇంతవరకు చూడలేదు. మామిడి ముక్కలను పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఆరు గంటలు ఉంచాలని శాస్త్రం. పళ్ళేనికి చోటు దొరక్క నేను ముక్కలన్నీ ఒక సంచిలో పోసి, బఠానీలకూ వంజరానికీ నడుమ ఇరికించాను. తెల్లారేసరికి అర కిలో ముక్కలు ఏకమై ఒకే బండ అయ్యాయి. ఆదివారం ఉదయం పదింటికి ఆ బండను రోకలితో పగలగొడుతుంటే కింది ఫ్లాటు వారు పైకి వచ్చి, ఇంట్లో టైల్స్ మారుస్తున్నారా అని ఎంతో మర్యాదగా అడిగారు.

కొలతలు కూడా చెప్పాలి కదా. పావు కిలో ముక్కలకు 60 మిల్లీలీటర్ల జిన్, అంటే మన భాషలో ఒక లార్జి. ఒక నిమ్మకాయ రసం. చెంచాడు పంచదార పాకం. జిన్ సీసా మీద మద్యం 42.8 శాతం అని ఉంటుంది. లెక్క వేసి చూస్తే, ఇవన్నీ కలిసి గ్లాసులోకి చేరేటప్పటికి మద్యం సుమారు 7 శాతానికి దిగుతుంది. అది సందులో నిలబడి తాగే స్ట్రాంగ్ బీరుతో సమానమని నా మనసుకు తోచింది గాని, అటువంటి ఆలోచనలు కళకు శత్రువులు.

మిక్సీలో ముందు ద్రవం పోయాలి, తరువాత ముక్కలు వేయాలి. అప్పుడే బ్లేడుకు పట్టు దొరుకుతుంది. నేను ముక్కలు ముందు వేశాను. మిక్సీ ఒకసారి మూలిగి, ఇల్లంతా వినబడేలా గర్జించి, హఠాత్తుగా మౌనం వహించింది. దాన్ని పసిబిడ్డలా పక్కకు పడుకోబెట్టి, అడుగున ఉండే ఎర్ర మీటను వేలితో తడుముతూ వెతికి నొక్కితే మళ్ళీ ప్రాణం వచ్చింది. ఈ విధంగా మూడుసార్లు జరిగింది. డల్లాసులో మరియానో మార్టినెజ్ అనే హోటలు యజమాని 1971లో ఇటువంటి బాధలు పడలేకనే ఐస్‌క్రీం యంత్రాన్ని మార్చి మార్గరీటా అనే కాక్‌టెయిల్ తిప్పే యంత్రంగా చేశాడు. దాన్ని ఇప్పుడు అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో భద్రపరిచారు. నా మిక్సీని ఏ మ్యూజియమూ అడగలేదు.

మూడో మూర్ఛ తరువాత వచ్చిన ముద్ద గట్టిగా ఉందని మరో లార్జి పోశాను. పలచనైంది. పలచనైంది కదా అని పాకం పోశాను. మరింత పలచనైంది. ఫ్రీజరులో గంటసేపు ఉంచితే అదే బిగుస్తుందని స్టీలు గిన్నెలో పోసి, వంజరం మీద నిలబెట్టాను. ఇక్కడ ప్రకృతి నాతో ఏకీభవించలేదు. మద్యానికి ప్రధాన ద్రవ్యమైన ఇథనాల్ గడ్డకట్టాలంటే సున్నాకు దిగువన 114 డిగ్రీలు కావాలి. మన ఫ్రీజరు 18 దగ్గరే తన శక్తి అయిపోయిందంటుంది. పంచదార కూడా మద్యం పక్షానే నిలిచి నీటిని గడ్డకట్టనివ్వదు. అంటే నేను బిగియడానికని పోసిన ప్రతి చుక్కా బిగియకుండా ఉండడానికే పాటుపడింది. కరెంటు కూడా మధ్యలో ముప్పావు గంట సెలవు తీసుకుంది.

మధ్యాహ్నం రెండింటికి చింతచిగురు పప్పు కోసం మా అత్తగారు ఫ్రీజరు తలుపు తీశారు. నేను హాలులో పేపరు చదువుతున్నట్టు కనిపించాను.

“అల్లుడు గారూ, ఈ మామిడి రసం పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్నట్టుంది. బొత్తిగా గడ్డ కట్టలేదు. ఫ్రీజరు పాడైందంటారా?”

“లేదత్తయ్యా, పంచదార కాస్త ఎక్కువైంది. అందుకని.”

ఆవిడ గిన్నె బయటకు తీసి, మూత ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని కొంతసేపు ఆలోచించారు. పుట్టింటివాళ్ళు పంపిన ఆవకాయను పరీక్షించేటప్పుడు కూడా ఆవిడ ముఖంలో అంత గాంభీర్యం నేను చూడలేదు.

“పంచదారకు ఇంత ఘాటు ఉండదు లెండి. మీ మామగారు నెలకోసారి తెచ్చుకునేవారు. సీసా బియ్యం డబ్బాలో పెట్టి, నాకు తెలియదనుకునేవారు. గ్లాసులో పోసుకుని, గుటుక్కున మింగి, వచ్చి భోజనానికి కూర్చునేవారు. పాపం, ఆయనకు ఈ రోకలీ మిక్సీ తోచలేదు.”

నేను పేపరులో రెండో పేజీ తిప్పాను. ఆవిడ చెంచాతో అంచున కొద్దిగా తీసుకుని నాలుక మీద వేసుకుని, కళ్ళు చిట్లించారు.

“వెల్లుల్లి వాసన వస్తోంది. అల్లం ముద్ద జారులో తిప్పారు మీరు. ఆ మూతకుండే రబ్బరు ఎంత కడిగినా వాసన వదలదు. జ్యూసు జారు పై అరలో ఉంది, ఈసారి అది వాడండి. ఆ పక్కనే మీ మామగారి గ్లాసులు కూడా ఉన్నాయి.”