డిక్కీలో కొలువున్న నీలం సిలిండర్ గారికి

మహారాజశ్రీ నైట్రస్ ఆక్సైడ్ సిలిండర్ గారికి, డాలస్ నుంచి తమ భక్తుడు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. డిక్కీలో తమరు క్షేమమే. బానెట్ కిందే, మూడో పిస్టన్ కాలం చేసింది.

తమరి తప్పేం లేదు. గాలిలో బరువు లెక్కన ఆక్సిజన్ 23 శాతమైతే తమరిలో 36. ఇంజిన్‌లో వేడి 300 డిగ్రీలు దాటితే చాలు, విడిపోయి అంతా ధారపోస్తారు. అన్నం వడ్డించినవాడే కూరా వెయ్యాలని రూలేముంది? ఆ ఆక్సిజన్‌కి సరిపడా పెట్రోలు సంగతి నేను చూసుకోవాలి.

నాది 1993 మోడల్ వీ8, ఎనిమిది పిస్టన్ల కారు. ఫ్యాక్టరీ లెక్క 205 హార్స్‌పవర్, అంత గట్టివి కాని పోత పిస్టన్లు. దాని మీద 150 షాట్, అంటే తమరి గ్యాస్‌తో మరో 150 హార్స్‌పవర్, ఎక్కించాను. ప్రతి 50కీ టైమింగ్, అంటే స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం, రెండు డిగ్రీలు వెనక్కి జరపమని మెకానిక్ చెప్పాడు. ఒక్కసారికేమవుతుందిలే అనుకున్నాను. అసలే ఆగస్టు ఎండ. 900, 1,000 పీఎస్ఐ మధ్య ఉండాల్సిన తమరి ఒత్తిడి గేజ్ ముల్లు 1,200 దగ్గరుంది. తమరు హుషారుగా ఉన్నారనుకుని మురిసిపోయాను! గ్యాస్ ఎక్కువ తోసుకొచ్చింది, పెట్రోలు జెట్‌కి మాత్రం అదే బెజ్జం. పెట్రోలు చాలక వేడి పెరిగిపోయింది.

బటన్ నొక్కాక నాలుగు సెకన్లు స్వర్గం. ఆ తర్వాత రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు.

ప్లగ్ విప్పి చూస్తే తెల్లటి పింగాణీ మీద ఆవగింజ కన్నా సన్నటి వెండి చుక్కలు. ముద్దుగానే ఉన్నాయి, కరిగిన నా పిస్టనే అదని మెకానిక్ చెప్పేదాకా. పిస్టన్ చుట్టూ ఉండే రింగు కొసల మధ్య ఫ్యాక్టరీవాళ్లు వదిలిన కాస్త సందు వాళ్ల 205కి సరిపడా వదిలిందట. నా వేడికి రింగు సాగి, కొసలు ఢీకొని, పిస్టన్ గట్టునే విరగ్గొట్టింది.

పళ్ల డాక్టర్ల దగ్గర నవ్వించే గ్యాసూ తమరేనట. నా దగ్గర మాత్రం టో ట్రక్కు డ్రైవర్ ఒక్కడే నవ్వాడు.

ఇప్పుడు మిత్రులు సూపర్‌ఛార్జర్ సంబంధం తెచ్చారు. తమరు పండక్కొచ్చే చుట్టం, బటన్ నొక్కితేనే హడావిడి. ఆయన ఇల్లరికపుటల్లుడు. బెల్టుతో క్రాంక్ అనే ఇంజిన్ ఇరుసుని పట్టుకుని, ఇంటి సంపాదనే తింటూ, గాలిని నొక్కి వేడెక్కించి రోజూ లోపలికి తోస్తాడు. ముందు పిస్టన్లు మార్పించమని మెకానిక్ మొత్తుకుంటున్నాడు.

తాంబూలాలు పుచ్చేసుకున్నాం.

ఇట్లు,
ఏడు పిస్టన్ల యజమాని