106 లీటర్ల జల వివాదం

మా ప్రాజెక్టు వివరాలు ముందే ప్రజల ముందు ఉంచుతున్నాను. దాచిపెట్టానని రేపు ఎవరూ అనకూడదు. పూర్తి నిల్వ సామర్థ్యం 28 గ్యాలన్లు, అంటే 106 లీటర్లు. టీఎంసీల్లో (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) చెప్పాల్సిందేనని మా నాన్న పట్టుబట్టారు గనక అదీ చెబుతున్నా: ఒక టీఎంసీలో దాదాపు 27 కోట్లవ వంతు. ఉన్న చోటు: అద్దెకు తెచ్చుకున్న ఇరవై అడుగుల క్యాంపర్ (చక్రాల మీది ఇల్లు) కింద, చక్రాల పక్కన. పరీవాహక ప్రాంతం: ఒక వంటింటి సింకు, చేతులు కడుక్కునే బుల్లి సింకు, బీరువా అంత స్నానాల గది. లబ్ధిదారులు నలుగురు. బాధితులూ వాళ్ళే.

దీన్ని గ్రే ట్యాంక్ అంటారు. అమెరికాలో ఇలాంటి బండికి పొట్టలో మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్ళది. ఒకటి మరుగుదొడ్డిది, దాని పేరు బ్లాక్ ట్యాంక్. మూడోది ఈ బూడిదరంగుది. గిన్నెలు కడిగినవీ, ఒళ్ళు కడిగినవీ, పళ్ళు తోముకుని ఉమ్మినవీ అన్నీ ఇందులోకే. సాల్ట్ లేక్ సిటీలో మాకు తాళాలిచ్చినాయన బ్లాక్ ట్యాంక్ గురించి ఇరవై నిమిషాలు పాఠం చెప్పాడు. గ్రే ట్యాంక్ గురించి మాత్రం "దాన్నీ కాస్త చూసుకుంటూ ఉండండి" అని సరిపెట్టాడు. మేమూ బ్లాక్ ట్యాంకుకే భయపడ్డాం. ఎల్లోస్టోన్ పార్కులో ఉన్నన్నాళ్ళూ అది పాపం నోరెత్తలేదు. కొంప ముంచింది బూడిదరంగుదే.

బండి డిజైన్ చూడండి. పైన మంచినీళ్ళ ట్యాంకు 40 గ్యాలన్లు, కింద వాడిన నీళ్ళకి 28. తాగేవీ టాయిలెట్‌లోకి పోయేవీ తీసేసినా లెక్క తేలదు. ఎగువన అంత వదిలి దిగువన ఇంతే పట్టే గిన్నె పెట్టిన ఇంజినీరు ఎవరో గానీ, వాళ్ళింట్లో గిన్నెలు ఆయన ఎన్నడూ కడిగి ఉండడు.

మా నాన్న మాత్రం ఆ డిజైన్‌ని ప్రేమించారు. నీటిపారుదల శాఖలో ముప్పై రెండేళ్ళు చేసి, అందులో సగం పైగా సాగర్ కుడి కాలువ గట్ల మీదే తిరిగి రిటైరైన మనిషి. ఆరు నెలలుందామని వచ్చి, నాలుగు నెలలుగా మా సోఫాలో కూర్చుని పర్యవేక్షించడానికి ఏమీ దొరక్క చిక్కిపోతున్నారు. గ్రే ట్యాంక్ సంగతి వినగానే కళ్ళజోడు తుడుచుకున్నారు. దారిలో పెట్రోలు బంకు దగ్గర రెండొందల పేజీల నోటుబుక్కు కొనిపించారు. మొదటి పేజీలో ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో, నిల్వ అని మూడు గళ్ళు గీసి నన్ను లష్కర్‌గా నియమించారు. లష్కర్ అంటే తెలియని పిల్లలకి: కాలువ మీద షట్టర్లు తిప్పే మనిషి. జీతం తక్కువ, తిట్లు ఎక్కువ.

మా ఆవిడది మిర్యాలగూడ. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. మాది కుడి కాలువ. పెళ్ళినాటి నుంచీ మా ఇల్లు ఒక అంతర్రాష్ట్ర ఒప్పందం మీద నడుస్తోంది గానీ, ఇన్నాళ్ళూ మాకు ట్రిబ్యునల్ అవసరం పడలేదు. టెక్సాస్‌లో ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, సింకులో పోస్తే పోతాయి. ఎక్కడికి పోతాయో పన్నెండేళ్ళలో ఎవరూ అడగలేదు. మన జాతి మొత్తానికీ ఇదే అలవాటు. వచ్చే నీళ్ళ కోసం తలకాయలు పగలగొట్టుకుంటాం, పోయే నీళ్ళ ఊసెత్తం. కృష్ణా నీళ్ళు రాష్ట్రాలకి పంచడానికి బచావత్ ట్రిబ్యునల్‌ని వేసింది 1969లో, తీర్పు వచ్చింది 1973లో. ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన ఆ 811 టీఎంసీల కోసం నేటికీ కొట్లాటే. వాడేసిన నీళ్ళలో నా వాటా ఇంత అని కేసు వేసిన మహానుభావుణ్ణి మాత్రం నేను వినలేదు. ఆ లోటు మేము తీర్చాం.

మొదటి రాత్రి మాడిసన్ క్యాంపుగ్రౌండ్‌లో దిగాం. ఎల్లోస్టోన్ పార్కు మొత్తంలో నీళ్ళూ కరెంటూ డ్రైనేజీ గొట్టమూ మూడూ బండికి తగిలించుకునే వీలున్నది ఫిషింగ్ బ్రిడ్జి దగ్గర ఒక్కచోటే. అక్కడ చోటు కావాలంటే నెలల ముందే మేలుకోవాలి. మేము మేలుకునే రకం కాదు. మాడిసన్‌లో ఆ గొట్టాలేవీ ఉండవు. మీ ట్యాంకు నిండితే మీరే బండి కట్టుకుని డంప్ స్టేషన్‌కి వెళ్ళి వదిలి రావాలి. నేల మీద పొయ్యడం నేరం. అమ్మ బియ్యం కడిగిన గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, "అంత పెద్ద అడవి, ఇన్ని చెట్లు, ఒక్క గిన్నెడు కుడితి పోస్తే ఏమైంది?" అంది. ఎలుగుబంట్లు వాసన పట్టి వస్తాయమ్మా, అందుకే కడిగిన గిన్నె కూడా బయట వదలకూడదు అని చెప్పాను. "కుడితికి గేదెలొస్తాయి గానీ ఎలుగుబంట్లు ఎందుకొస్తాయి?" అంది. గుంటూరు జిల్లా అనుభవంతో చూస్తే ఆ వాదనలో తప్పేమీ లేదు.

ఇక స్నానాలు. షవర్ నిమిషానికి రెండున్నర గ్యాలన్లకు మించి వదలకూడదని 1992లోనే ఇక్కడ చట్టం చేశారు. ఆ లెక్కన మనం ఇంట్లో చేసే ఎనిమిది నిమిషాల స్నానానికి 20 గ్యాలన్లు. అంటే మా ట్యాంకులో పట్టేది ఒక నిండు మనిషి, ఇంకో మనిషి మోకాళ్ళ దాకా. అందుకని నౌకాదళం వాళ్ళ స్నానం చెయ్యమంటారు. ఒళ్ళు తడుపుకుని కుళాయి కట్టెయ్యాలి, సబ్బు రుద్దుకోవాలి, మళ్ళీ కుళాయి తిప్పి కడుక్కోవాలి. రెండు మూడు గ్యాలన్లలో పని అయిపోతుంది. సముద్రం మధ్యలో మంచినీళ్ళు కరువు గనక ఓడల్లో అలా అలవాటు చేసుకున్నారట. ఈ సంగతి నేను గొప్పగా చెబితే అమ్మ నవ్వింది. ఒక చెంబూ చిన్న బకెట్టూ అడిగి, తలుపేసుకుని, పది లీటర్లలో స్నానం ముగించి, బొట్టు పెట్టుకుని బయటికొచ్చింది. నాన్న ఆ అంకె వేసి పక్కన 'భేష్' అని రాశారు.

అయితే స్నానంలో మిగిల్చినదంతా అమ్మ వంటింట్లో ఖర్చు పెట్టింది. బియ్యం మూడుసార్లు కడగాలి. పప్పు రెండుసార్లు. కొత్తిమీర ఇసక పోయేదాకా. స్టీలు కంచాలు అద్దంలా మెరవాలి. నాన్న భోజనమయ్యాక కంచంలోనే చెయ్యి కడుగుతారు, ఆ నీళ్ళూ సింకులోకే. మా ఆవిడ కాగితం ప్లేట్లు తెస్తే వాటివైపు అమ్మ పరాయి మతం వాళ్ళ ప్రసాదాన్ని చూసినట్టు చూసింది. కాగితంతో నూనె తుడిచి తర్వాత కడిగితే సగం నీళ్ళు ఆదా అని నేను నివేదిక సమర్పించాను. అది పరిశీలనలో ఉంది.

రెండో రోజు పంచాయితీ మొదలైంది. తలస్నానం వాటా కావాలని మా ఆవిడ అడిగింది. వంటదే ప్రథమ ప్రాధాన్యమని అమ్మ. నాన్న నోటుబుక్కు తీసి ఇంతవరకూ ఎవరెంత వాడారో చదివి, అదే నిష్పత్తిలో ముందుకెళ్దామన్నారు. మా ఆవిడ ఊరుకుంటుందా? "ఇదివరకు ఎవరు ఎక్కువ వాడుకుంటే ఇకమీదా వాళ్ళకే ఎక్కువా? ఈ లెక్క నాకు తెలుసు మామయ్యా. ఆ 811లో 512 మీ ఆంధ్రాకి, 299 మా తెలంగాణకి. అట్ల కాదు, సగం సగం." ఆ మాటతో క్యాంపర్‌లో ఒక్కసారి నిశ్శబ్దం. 2023 నవంబర్ ఆఖర్లో సాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులూ ఎదురెదురు నిలబడ్డారు గుర్తుందా, రెండడుగుల వెడల్పున్న మా నడవాలో అత్తాకోడళ్ళు సరిగ్గా అలాగే నిలబడ్డారు. డ్యామ్ మీద కనీసం పక్కకి జరగడానికి చోటుంది. నేను లష్కర్ని గనక మంచం కింద ఏదో వెతుకుతున్నట్టు నటించాను.

అసలు ట్యాంకులో ఎంత ఉందో తెలిస్తే కదా పంచుకోవడానికి! గోడకి ఒక మీట ఉంది. నొక్కితే లైట్లు వెలుగుతాయి: ఖాళీ, మూడో వంతు, రెండొంతులు, నిండు. మాకు రెండో రోజు పొద్దున్నుంచీ రెండొంతులే. గిన్నెలు కడిగినా రెండొంతులే, కడక్కపోయినా రెండొంతులే. కారణం చిన్నదే. ట్యాంకు గోడకి అక్కడక్కడ లోహపు మేకులుంటాయి. నీళ్ళు అంతదాకా వస్తే వాటి గుండా కొద్దిపాటి కరెంటు పారి లైటు వెలుగుతుంది. వాటికి జిడ్డూ మెతుకులూ పట్టేశాయనుకోండి, నీళ్ళు లేకపోయినా ఆ తడిజిడ్డు గుండానే కరెంటు పారుతుంది, ఉన్నదీ లేనిదీ ఒకటే లెక్క అయిపోతుంది. మా ముందు ఎంతమంది జిడ్డు ఎక్కిందో తెలియదు గానీ, ఆ పైన మా వాటాగా ఆవకాయ నూనె చేరింది. నాన్న దీన్ని టెలిమెట్రీ వైఫల్యంగా నమోదు చేశారు. "ఒరేయ్, మీటర్లు సరిగ్గా ఉంటే జగడాలే ఉండవురా. అందుకే వాటిని ఎవరూ సరిగ్గా పెట్టనివ్వరు" అన్నారు. అప్పట్నుంచి ప్రతి గిన్నెడు నీళ్ళూ గీతలు గీసిన మగ్గుతో కొలిచి పోయాలని ఉత్తర్వు.

ఆ ఉత్తర్వు ఒక పూట అమలైంది.

మూడో రోజు సాయంత్రం ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ చూసొచ్చాం. భూమిలోంచి వేడినీళ్ళు అంతెత్తున ఎగజిమ్ముతుంటే జనమంతా ఫోన్లు పైకెత్తారు. నాన్న ఒక్కరే, "ఎక్కడా గేటు లేదు, కట్ట లేదు" అని దిగులు పడ్డారు. క్యాంపర్‌కి తిరిగొచ్చాక అమ్మ చారు పెట్టింది. తిన్నాక గిన్నెలు కడగడం మొదలైంది. నాలుగో గిన్నె దగ్గర స్నానాల గదిలోంచి గడగడమని చప్పుడు. తలుపు తీశాను.

ఇక్కడ కొంచెం భౌగోళికం అవసరం. ఇలాంటి బండ్లలో అన్నిటికన్నా పల్లాన ఉన్న కన్నం షవర్ కింద ఉంటుంది. ట్యాంకు నిండాక సింకులో పోసిన నీళ్ళు పైకి తిరిగి సింకులోకి రావు, పల్లం వెతుక్కుని షవర్లోంచి పైకొస్తాయి. వచ్చాయి. సబ్బు నురగ మధ్యలో రెండు కరివేపాకులు, ఒక ఆవగింజల గుంపు, పోపులో వేసిన ఎండుమిరపకాయ తొడిమ మెల్లగా చుట్టూ తిరుగుతున్నాయి. ఇంగువ వాసన. స్నానాల గదిని మేము పగలు సామాన్ల గదిగా వాడుతున్నాం. అంచేత ముంపునకు గురైనవి: నాన్న చెప్పులు, కుక్కర్ అట్టపెట్టె, మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్, ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచి. బియ్యం తన కడుగు నీళ్ళలో తానే నానుతోంది.

నాన్న నోటుబుక్కుతో పరిగెత్తుకొచ్చారు. ఆ మొహంలో విచారం లేదు, నన్ను నమ్మండి. "ఎఫ్‌ఆర్‌ఎల్ దాటింది!" అన్నారు. అంటే పూర్తి నీటిమట్టం. 2009 అక్టోబర్ వరదల్లో 885 అడుగుల శ్రీశైలానికి 896 దాకా నీళ్ళొచ్చినప్పుడు మనుషులు ఎలా నిద్రపోలేదో చెప్పడం మొదలెట్టారు. అమ్మ చేతిలో ఐదో గిన్నె అలాగే ఉంది. కుళాయి ఇంకా పారుతోంది. "ముందు కుళాయి కట్టండి!" అని అరిచింది మా ఆవిడే. ఎగువ రాష్ట్రానికి దిగువ రాష్ట్రం ఆదేశమివ్వడం, అది వెంటనే అమలు కావడం చరిత్రలో అరుదు. తర్వాత నిర్వాసితులకు పరిహారం చర్చకొచ్చింది. చెప్పులకి కొత్త చెప్పులు ఇస్తామన్నాను. బియ్యానికి పరిహారం అక్కర్లేదు, తడిసిందంతా రేపు ఇడ్లీకి పోద్దామంది అమ్మ. మేము ముగ్గురం ఒకే మాట మీద నిలబడి వద్దన్నాం. ఆ యాత్ర మొత్తంలో ఏకాభిప్రాయం అదొక్కటే.

పొద్దున్నే బండి కట్టుకుని డంప్ స్టేషన్‌కి వెళ్ళాం. ఆదివారం. రేషన్ షాపు ముందు ఉన్నంత క్యూ. తెలివైనవాళ్ళు కొందరు చక్రాల మీద నడిచే నీలం ప్లాస్టిక్ పీపాలు లాక్కొచ్చారు, బండి కదిలించే పని లేకుండా. నాన్న వాటిని చూసి, "మొబైల్ ఎత్తిపోతల పథకం" అని రాసుకున్నారు.

పద్ధతి ప్రకారం బ్లాక్ ముందు వదలాలి, గ్రే తర్వాత. రెండో నీళ్ళు మొదటిదాని గొట్టాన్ని కడిగి పోతాయి. గొట్టం మొదట్లో ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ వంపు ఉంటుంది, శుభ్రమైందో లేదో చూసుకోవడానికి. బ్లాక్ గురించి నేనేం చెప్పను, మర్యాద కాదు. గ్రే తూము లాగగానే ఆ వంపు నిండా పసుపు. మూడు రోజుల పప్పు, చారు, పులిహోర కలిసిన పచ్చటి పసుపు, మధ్యమధ్య ఒక కరివేపాకు. వెనక బండి పెద్దాయన దిగొచ్చి, చేతులు నడుం మీద పెట్టుకుని కాసేపు చూశాడు. మీ ఇంజిన్‌లోంచి ఏదో కారుతున్నట్టుంది అన్నాడు. కాదండీ, అది పసుపు అన్నాను. ఆయన ఇంకాసేపు చూసి, ఒంటికి మంచిదంటారు కదా అని వెళ్ళిపోయాడు.

మొత్తం ఖాళీ కావడానికి నాలుగు నిమిషాలు. నాన్న వాచీ చూసి అవుట్‌ఫ్లో లెక్కకట్టి, నిల్వ గడిలో మూడు రోజుల తర్వాత మొదటిసారి సున్నా చుట్టారు. దాని కింద సంతకం పెట్టి తేదీ వేశారు. గొట్టం కడిగి మడత పెడుతుంటే క్యాంపర్ లోపల్నుంచి సన్నగా నీళ్ళ చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూశాను. అమ్మ కొత్త సంచి విప్పి బియ్యం కడుగుతోంది.

నాన్న పెన్ను మూత మళ్ళీ తీశారు.