వాదీ అన్నా గెడ్డే

దుబాయ్‌లో కుండపోత కురిస్తే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కంటిమీద కునుకుండదు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం మండలాల్లో వెల్డరుగానో ఫిట్టరుగానో రిగ్గరుగానో గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి అరుదు. 2024 ఏప్రిల్ 16న ఆ ఎడారి నగరం మునిగినప్పుడు, రన్‌వే మీద నీళ్లు చిమ్ముకుంటూ సాగిన విమానాల వీడియోలు చూసి లోకం వింతపడింది. ఇక్కడి ఇళ్లలో మాత్రం కూలీల క్యాంపులుండే సోనాపూర్‌లోనో షార్జాలోనో ఉన్న పిల్లాడి క్యాంపులోకి నీళ్లొచ్చాయా లేదా అన్నదొక్కటే వార్త.

అంకెలు చూస్తే మనవాళ్లకు నవ్వొచ్చినా తప్పులేదు. దుబాయ్ విమానాశ్రయం దగ్గర ఆ 24 గంటల్లో పడింది సుమారు 142 మిల్లీమీటర్లు. బంగాళాఖాతంలో వాయుగుండం ముదిరితే మన మండలాలు ఒక్క రాత్రిలో చూసే వాన అది. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటే నేల మనది. దుబాయ్‌కి మాత్రం అది ఏడాది వాన కంటే ఎక్కువ. అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లాలో రోజు తిరక్కముందే 254.8 మిల్లీమీటర్లు కురిసింది. 1949లో యూఏఈలో లెక్కలు రాయడం మొదలుపెట్టాక అంత వాన లేదు. రెండు రోజుల్లో 1,200కు పైగా విమానాలు రద్దయ్యాయి. షేక్ జాయెద్ రోడ్డు మీద కార్లు వదిలేసి జనం నడిచి వెళ్లారు. షార్జాలో కొన్ని వీధుల నుంచి నీళ్లు తోడటానికి వారం దాటింది. యూఏఈలో నలుగురు చనిపోయారు. పొరుగున ఒమన్‌లో ఇరవై మంది దాకా పోయారు, వాళ్లలో బడిపిల్లలున్నారు.

మేఘాల్లో మందు చల్లబట్టే ఇంత వాన పడిందని వాట్సాప్ తీర్పిచ్చేసింది. మేఘమథనం ఆ దేశంలో జరిగే మాట నిజమే. ఆ తుపానులో మాత్రం విమానాలు పంపలేదని అక్కడి వాతావరణ కేంద్రం చెప్పింది. అయినా అంత పెద్ద మబ్బును మనిషి పుట్టించలేడు. వాన రాబోతోందని ముందే అంచనాలూ వచ్చాయి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను మోస్తుంది. మందు కథ కంటే పట్టించుకోవాల్సింది ఈ లెక్కని.

ఇసుక కదా, నీళ్లు ఇంకిపోవా అని అడుగుతారు. ఏళ్ల తరబడి ఎండిన నేల పైపొర పెచ్చులా గట్టిపడుతుంది, దాని మీద పడ్డ వాన జారిపోతుంది. నగరంలోనైతే ఆ నేల కూడా తారు కింద, కాంక్రీటు కింద ఉంది. ఎప్పుడో ఒకనాడు పడే వాన కోసం కాలువలెందుకని పొదుపు చేసిన చోట నీటికి వీధే కాలువైంది. 2006 ఆగస్టులో రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లా కవాస్ గ్రామం మునిగినప్పుడు, అడుగున జిప్సం పొర ఉండటంతో నీళ్లు నెలల తరబడి ఇంకలేదు. అదీ థార్ ఎడారిలో.

ఎడారిలో నీటికి దారులు లేకపోలేదు. ఏడాదంతా ఎండి, వానొచ్చిన పూట ఉరికే ఆ దారిని అరబ్బులు వాదీ అంటారు. గోదావరి జిల్లాల్లో వాగు అంటారు. మనం గెడ్డ అంటాం. ఎండిన వాదీ చదునుగా, చవగ్గా, ఇల్లు కట్టుకోమని పిలుస్తున్నట్టుగా ఉంటుంది. సౌదీలోని జెద్దా ఆ పిలుపు నమ్మింది. 2009 నవంబరు 25న నాలుగు గంటల్లో 90 మిల్లీమీటర్ల వాన పడితే, వాదీల్లో కట్టిన పేటల్లో వందమందికి పైగా కొట్టుకుపోయారు. అనుమతులిచ్చిన అధికారులను, ఇంజనీర్లను కోర్టుకీడ్చారు. తర్వాత ఆనకట్టలు కట్టారు, వరద కాలువలు తవ్వారు. 2022 నవంబరులో అదే నగరంలో దానికి దాదాపు రెట్టింపు, 179 మిల్లీమీటర్లు పడింది. రోడ్లు మునిగాయి, కార్లు తేలాయి. చనిపోయినవారు ఇద్దరు. ఆ రోజు బడులు మూసేయడమూ కలిసొచ్చి ఉండొచ్చు, కానీ కాలువల పని కాదని ఎవరూ అనలేరు.

ఇక మన సంగతి. ఏటి వరదను ఎదుర్కోవడం శ్రీకాకుళం, విజయనగరం యంత్రాంగాలకు కొత్త కాదు. నాగావళి, వంశధారలు ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. అక్కడ వాన పడితే వంశధార మీది గొట్టా బ్యారేజీ దగ్గర గేట్లెత్తేలోగా గంటల వ్యవధి ఉంటుంది. లోతట్టు ఊళ్లకు దండోరా వేయవచ్చు, జనాన్ని బడిలోకి చేర్చవచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానం కొబ్బరిని నేలకూల్చినప్పుడు కూడా తుపాను ఎటొస్తోందో ముందే తెలుసు. గెడ్డ వరదకు ఆ వ్యవధి లేదు. రెండు గంటల వాన ఊరి నెత్తిన పడుతుంది, మూడో గంటకు మురుగుతో కలిసి గుమ్మం దాటుతుంది. ఎడారి నగరాలను ముంచింది ఈ రకం వరదే. మన పట్టణాలు సిద్ధంగా లేనిదీ దీనికే.

సిద్ధంగా లేకపోవడం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. ఉన్న ఏర్పాటును మనమే చెడగొట్టుకుంటున్నాం. దుబాయ్‌కి తాతలు చెరువులు తవ్వి ఇవ్వలేదు. మనకిచ్చారు. కోట ముందు పెద్దచెరువుతో ఎదిగిన ఊరు విజయనగరం. ఒక చెరువు నిండితే మిగులు నీరు గెడ్డలో పడి కింది చెరువుకు, అక్కడి నుంచి ఏటికి చేరేలా గొలుసు కట్టిన సీమ ఇది. ఆ గొలుసులో ఒక లంకెను మట్టితో పూడ్చి ప్లాట్లు వేస్తే నీళ్లు వదిలే మదుము ఎక్కడుందో కొన్నవాడికి తెలియదు, అమ్మినవాడు చెప్పడు. చెరువు భూములను ఇళ్ల స్థలాలుగా పంచరాదని 2001లోనే సుప్రీంకోర్టు తేల్చింది. నీటినీ నేలనూ చెట్లనూ కాపాడే వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. దుబాయ్ 2024 జూన్‌లో వాన నీటి కాలువల కోసం 3,000 కోట్ల దిర్హామ్‌లు ప్రకటించింది, అంటే సుమారు 68 వేల కోట్ల రూపాయలు. పని 2033కి పూర్తి చేస్తారట. అంత డబ్బు పోసి వాళ్లు కొనుక్కుంటున్న నీటిదారిని మనం సెంట్ల లెక్కన అమ్ముకుంటున్నాం.

ఇంకో విషయంలోనూ వాళ్లు మనకంటే ముందున్నారు. వరద పారుతున్న వాదీలోకి బండి దింపితే యూఏఈలో 2,000 దిర్హామ్‌ల జరిమానా, లైసెన్సు మీద 23 బ్లాక్ పాయింట్లు, 60 రోజులు బండి జప్తు. 2023 నుంచీ ఈ నిబంధన ఉంది. ఇక్కడ కాజ్‌వే మీద మోకాలిలోతు నీళ్లు పారుతుంటే ఆటోవాలా ధైర్యం చేస్తాడు, వెనక పది మంది కూర్చుంటారు, గట్టు మీద నలుగురు వీడియో తీస్తారు. అవతల పెళ్లో పరీక్షో ఉంటుంది, నిజమే. వానాకాలమంతా ఆ కాజ్‌వేకు రెండు వైపులా గొలుసు, ఒక మనిషి, అతనికి కూలి చాలు. కలెక్టర్లు తలచుకుంటే వారం పని.

గల్ఫ్‌లో ఉన్న మన పిల్లల గురించీ మాట్లాడాలి. ఆ ఏప్రిల్‌లో ప్రభుత్వ ఉద్యోగులను ఇంటి నుంచి పని చేసుకోమన్నారు. వెల్డింగు ఇంటి నుంచి చేసే పని కాదు. ఫోన్లకు హెచ్చరికలొచ్చాయి, అరబీలో, ఇంగ్లిషులో. దెబ్బతిన్న ఇళ్ల బాగుకు యూఏఈ ప్రభుత్వం 200 కోట్ల దిర్హామ్‌లు కేటాయించింది, అవి ఆ దేశ పౌరుల ఇళ్లకు. క్యాంపు గదిలో తడిసిన పరుపుకు, పెట్టెలోని సర్టిఫికెట్లకు ఆ పద్దులో చోటు లేదు. పరాయి దేశం తన పౌరులను చూసుకోవడం తప్పు కాదు. మన పౌరులను చూసుకోవాల్సింది మనం. ఈసీఆర్ పాస్‌పోర్టుతో, అంటే వలస అనుమతి తీసుకోవాల్సిన పాస్‌పోర్టుతో, సక్రమంగా వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి, ప్రమాదంలో మరణిస్తే పది లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద ఎక్కించే ఏజెంటు ఆ ఊసే ఎత్తడు. ప్రయాణానికి ముందే ప్రతి పిల్లాడి చేతిలో తెలుగులో ఒక కాగితం పెట్టాలి: యూఏఈలో పోలీసు నంబరు 999 అని, మబ్బు పడితే వాదీ వైపు పోవద్దని, కొండల్లో వాన పడితే ఎండ కాస్తున్న చోటికీ వరద వస్తుందని, పాస్‌పోర్టు నకలు ఫోనులో ఉంచుకోమని.

నైరుతి రావడానికి ముందు శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలు చేసుకోవాల్సిన పని కూడా ఒక కాగితమే. ఏ గెడ్డ ఎక్కడ మొదలై ఏ చెరువు మీదుగా ఎటు పోయేదో, అది పొంగితే ముందు ఏ వీధిలోకి నీళ్లొస్తాయో చూపించే పటం ప్రతి వార్డు సచివాలయం గోడ మీద ఉండాలి. డ్రోన్లు, కన్సల్టెంట్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు. గెడ్డ పక్క వీధుల్లో అరుగు మీద కూర్చున్న ముసలమ్మలను అడిగితే సగం పటం వాళ్లే గీసిస్తారు.