తీసివేతలు రాని వర్క్‌షీట్ గారికి

మహారాజశ్రీ ఇడిటరాడ్ వర్క్‌షీట్ గారికి,

డాలస్ నుంచి ఒక థర్డ్ గ్రేడ్ పిల్ల తల్లి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ అలాస్కాలో కుక్కలు క్షేమమో కాదో మీరు ఎప్పుడూ రాయరు కాబట్టి నేనే అడుగుతున్నాను.

మార్చి వచ్చిందంటే మా అమ్మాయి బ్యాగులోంచి మీరు బయటికి వస్తారు. ఇడిటరాడ్ అంటే అలాస్కాలో యాంకరేజ్ నుంచి నోమ్ దాకా కుక్కలు లాగే మంచుబళ్ళ పందెం. క్లాసులో ఒక్కొక్కరూ ఒక్కో మషర్‌ని, అంటే బండి తోలేవాళ్ళని, ఎంచుకుని జీపీఎస్‌లో చూస్తూ గోడ మీది మ్యాపులో పిన్ను జరుపుతుంటారు. రోడ్డు మీద వేలెడు మంచు పడితే స్కూళ్ళు మూసేసే ఊళ్ళో, యూకాన్ నది మీద ఈ రోజు చలి ఎంతో పిల్లలకి నోటికి వచ్చు. బాగానే ఉంది. గొడవంతా మీ లెక్కలతోనే.

ముందు ఆ 1049 సంగతి. పందెం దూరం 1049 మైళ్ళని కిలోమీటర్లలోకి మార్చండి, రెండు దశాంశ స్థానాల వరకు, అన్నారు. అది కొలిచిన దూరం కాదండీ! వెయ్యి మైళ్ళ పందెం కాబట్టి వెయ్యి, అలాస్కా 49వ రాష్ట్రం కాబట్టి 49. మా పెళ్ళిళ్ళలో వెయ్యిన్నూట పదహార్లు చదివించినట్టు, అంకె అందం కోసం. దారి సరి సంవత్సరం ఉత్తరంగా, బేసి సంవత్సరం దక్షిణంగా పోతుంది. 2025లో దారిలో మంచు చాలక అసలు పరుగును ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి మొదలుపెట్టి 1100 మైళ్ళ పైనే తిప్పారు. దశాంశాలు ఎక్కడ పెట్టమంటారు?

రెండోది తిండి లెక్క. కుక్క రోజుకి 10,000 క్యాలరీలు తింటే 16 కుక్కలు ఎన్ని తింటాయి? పిల్ల 1,60,000 అని రాసేసింది. పప్పులో పోపు పెడుతున్న మా అత్తగారు అటు తిరిగి, “అన్నిటికి ఎవరే వండేది?” అన్నారు. దానికి జవాబు మీలో ఎక్కడా లేదు. వెతికితే తెలిసింది. దారిలో ఆగే చెక్‌పాయింట్ చేరగానే మషర్ ముందు కుక్కల కాళ్ళకున్న గుడ్డ బూట్లు విప్పాలి. గడ్డి పరవాలి. పొయ్యి వెలిగించి మంచు కరిగించి, ఆ వేణ్ణీళ్ళలో మాంసం, కొవ్వు నానబెట్టి ఒక్కోదానికీ గిన్నెలో పొయ్యాలి. తర్వాత పాదాలకి మందు రాయాలి. ఆపైన టైముంటే తను ఇంత తిని, ఓ గంటో రెండు గంటలో కునుకు. ఇది విని మా అత్తగారు “నయమే, ముందు వాటికి పెట్టి తర్వాతే తింటాడన్నమాట” అన్నారు. మీ పాఠాలన్నిటిలో పాఠమంటే అదొక్కటే, అదీ మీలో లేదు. గుణకారం ఉంది.

గుణకారం మీకు మహా ఇష్టం. 16 కుక్కలు, నాలుగేసి కాళ్ళు, 64 బూట్లు. భేష్. నోమ్ చేరేసరికి ఎన్ని కుక్కలు మిగిలాయో మాత్రం అడగరు. కనీసం ఐదుంటే చాలని నియమం. అలిసినవాటిని, కుంటినవాటిని దారిలో వెటర్నరీ డాక్టర్లకి అప్పగిస్తే విమానంలో వెనక్కి వెళ్తాయి. మరి 16లోంచి తీసివేత ఏదీ? సెకన్లయితే ముచ్చటగా తీసేస్తారు: 1978లో గెలిచిన డిక్ మాకీకీ, రెండోవాడు రిక్ స్వెన్సన్‌కీ మధ్య తేడా ఒక్క సెకను, అదీ కుక్క ముక్కు ఎవరిది ముందు దాటిందన్న లెక్కన. కుక్కల దగ్గరికొచ్చేసరికి మీకు తీసివేత రాదు. 2024 పందెంలో మూడు కుక్కలు చనిపోయాయి. 2008లో 96 మంది మషర్లు బయల్దేరితే 2023లో 33 మందే. ఇవి ఏ పేజీలో వేశారు?

ఎనిమిదేళ్ళ పిల్లలకి చావుల గురించి ఎందుకంటారా? 1925లో నోమ్‌లో డిఫ్తీరియాతో పిల్లలు పోవడం మీ మొదటి పేజీలోనే రంగుల బొమ్మలతో వేశారు కదండీ! 20 మంది మషర్లు చేతులు మార్చుకుంటూ 674 మైళ్ళు మందు తెచ్చారని చెప్పి, దాని జ్ఞాపకార్థమే ఈ పందెం అన్నారు. నిజానికి 1973లో జో రెడింగ్టన్ అనే మషర్ నోమ్ దాకా ఈ పందెం పెట్టించింది, మంచు మీద నడిచే మోటారుబళ్ళు, అదే స్నోమొబైళ్ళు, వచ్చి పల్లెల్లో కుక్కలు మాయమైపోతున్నాయన్న బెంగతో. ఇక న్యూయార్క్‌లో విగ్రహం ఆ మందు పరుగులో ఆఖరి మజిలీ పరిగెత్తిన బాల్టో అనే కుక్కకి. అందరికన్నా ఎక్కువ దూరం పరిగెత్తిన టోగోకి మీలో ఒక గళ్ళనుడికట్టు గడి.

మూస్ కథ ఎందుకు వదిలేశారో నాకిప్పటికీ అర్థం కాదు. 2024లో డాలస్ సీవీ అనే మషర్ కుక్కల మీద గుర్రమంత దుప్పి పడింది, కాల్చేశాడు. మాంసం పాడవకుండా పొట్ట కోసి శుభ్రం చెయ్యాలని పందెం రూలు. సరిగ్గా చెయ్యలేదని 2 గంటలు జరిమానా వేశారు. అయినా ఆరోసారి గెలిచాడు. పిల్లలు ఎగబడి చేసే లెక్క.

ఇక రెడ్ లాంతరు. చిట్టచివర చేరినవాళ్ళకిచ్చే బహుమతి. మొదటి ఏడు ఆఖరివాడికి 32 రోజులు పట్టింది. పట్టుదల అని పెద్దక్షరాలతో రాసి రంగు వేయమన్నారు. సరే. కుక్కల వల్ల కావడం లేదని మధ్యలోనే ఆపేసి, దారిలో ఏదో ఊళ్ళో వాటి పక్కన కూర్చున్నవాళ్ళ బొమ్మ ఎక్కడుంది?

ఎందుకడుగుతున్నానంటే, మా అమ్మాయి మషర్ అలాగే యూకాన్ దగ్గర ఆపేశాడు. పిన్ను తీసి డబ్బాలో వేసి ఇంకొకర్ని ఎంచుకోమన్నారట, అదేమో ససేమిరా అంది. మీ ఆఖరి ప్రశ్న, “మీ మషర్ ఎన్ని రోజుల్లో నోమ్ చేరారు?” దగ్గర “కుక్కలు అలిసిపోయాయి” అని రాసి వచ్చింది. దానికి రెండు మార్కులు కోశారు. తీసివేత అక్కడ మాత్రం చక్కగా వచ్చింది మీకు. ఆ రెండూ తిరిగి ఇప్పించవలెనని ప్రార్థన.

ఇట్లు,
పిన్ను తీసేసిన పిల్ల తల్లి