ఒక్క ల్యాబ్‌తో తేలని టెస్టు

పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలను ఇప్పటికి 500కు పైగా గుర్తించారు. అన్నీ కలిపితే బాధితులు తక్కువేమీ కాదు. విడివిడిగా చూస్తే మాత్రం వీటిలో చాలా జబ్బులకు, పెద్ద ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేసిన డాక్టర్‌కు కూడా ఒకరిద్దరు రోగులే తారసపడతారు. ఇద్దరి రక్తం పెట్టుకుని ఎవరూ టెస్టు తయారు చేయలేరు. ఆసుపత్రులు, ల్యాబ్‌లు చేతులు కలపకపోతే ఇక్కడ పరీక్షే పుట్టదు. ఈ సంగతి పరిశోధకులకు ఎప్పుడో అర్థమైంది. నిధులిచ్చేవాళ్లకు ఇంకా పూర్తిగా తలకెక్కినట్టు లేదు.

స్కిడ్ (తీవ్రమైన సంయుక్త రోగనిరోధక లోపం) అనే జబ్బునే తీసుకోండి. ఇందులో బిడ్డ ఒంట్లో టి కణాలు, అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు, దాదాపు ఉండవు. పుట్టినప్పుడు మామూలుగానే కనిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ తగ్గని విరేచనాలు, మళ్లీ మళ్లీ నిమోనియా. చికిత్స ఉంది, మూలకణాల మార్పిడి. అయితే అది ఎప్పుడు జరిగిందన్న దాని మీదే బిడ్డ ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఉత్తర అమెరికాలోని 25 సెంటర్లు కలిసి 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పుట్టిన మూడున్నర నెలల్లోపు మార్పిడి జరిగిన పిల్లల్లో 94 శాతం మంది ఐదేళ్ల తర్వాత కూడా బతికున్నారు. ఆ వయసు దాటి, ఇన్ఫెక్షన్ తగ్గకుండానే మార్పిడికి వెళ్లిన పిల్లల్లో బతికింది సగం మందే. అన్ని సెంటర్లు కలిసినా పదేళ్లలో దొరికిన పిల్లలు 240 మంది. అంటే సెంటర్‌కు ఏడాదికి సగటున ఒక్కరు. ఏ సెంటర్ లెక్క ఆ సెంటరే చూసుకుని ఉంటే ఈ తేడా ఎవరి కంటా పడేది కాదు.

మరి లక్షణాలు రాకముందే ఈ బిడ్డలను పట్టుకోవడం ఎలా? టి కణం ఛాతీలోని థైమస్ గ్రంథిలో తయారయ్యేటప్పుడు తన డీఎన్‌ఏలోంచి ఒక ముక్కను కత్తిరించేస్తుంది. ఆ ముక్క కొసలు రెండూ కలిసి చిన్న ఉంగరంలా మిగిలిపోతుంది. దాన్ని ట్రెక్ అంటారు. కణం రెండుగా చీలినా ఉంగరం రెండు కాదు. కాబట్టి రక్తంలో ఉంగరాలను లెక్కపెడితే థైమస్ నుంచి కొత్తగా ఎన్ని టి కణాలు వస్తున్నాయో తెలిసిపోతుంది. 1990ల చివర్లో దీన్ని వాడింది హెచ్‌ఐవీ మీద పనిచేసేవాళ్లు. నవజాత శిశువు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కను ఫిల్టర్ పేపర్ మీద ఎండబెట్టే పద్ధతి 1960ల్లో రాబర్ట్ గత్రీ ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే మరో జబ్బును పట్టుకోవడం కోసం తెచ్చింది. ఈ రెండింటినీ ఒకచోట చేర్చి స్కిడ్‌ను పట్టుకోవచ్చని 2005లో కీ చాన్, జెన్నిఫర్ పక్ చూపించారు. స్కిడ్‌కు ఏ జన్యువు కారణమైనా ఈ ఒక్క పరీక్షే పట్టేస్తుండడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

కథ అక్కడితో అయిపోలేదు. 2008లో విస్కాన్సిన్ రాష్ట్రం మొదలుపెడితే, అమెరికాలోని రాష్ట్రాలన్నిటికీ ఈ పరీక్ష చేరేసరికి 2018 వచ్చింది. మధ్యలో జరిగిందంతా పైకి కనిపించని చాకిరీ. ఒక ల్యాబ్‌లో ‘తక్కువ’ అనిపించిన సంఖ్య ఇంకో ల్యాబ్‌లో మామూలు కావచ్చు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో జబ్బు లేకపోయినా ట్రెక్ తగ్గుతుంది. అందుకే అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఒకే రకమైన రక్తపు చుక్కల కార్డులు తయారు చేసి ల్యాబ్‌లన్నిటికీ పంపి, ఎవరి లెక్క ఎక్కడ తప్పుతోందో చూసింది. 11 స్క్రీనింగ్ కార్యక్రమాలు 30 లక్షల పైచిలుకు శిశువుల ఫలితాలను కలిపి చూస్తే, లక్షలో ఒకరికి వస్తుందనుకున్న జబ్బు నిజానికి 58,000 మందిలో ఒకరికి వస్తోందని తేలింది. ఇన్నాళ్లూ ఆ మిగతా పిల్లల్లో కొందరు జబ్బు పేరైనా తెలియకుండానే పోయి ఉండొచ్చన్నమాట.

ట్రెక్ పరీక్షకు దొరకని జబ్బులూ ఉన్నాయి. యాంటీబాడీలు తయారుచేసే బి కణాల లోపం దీనికి అందదు. టి కణాలు సంఖ్యలో ఉండి పని చేయని కొన్ని జబ్బులు కూడా అంతే. అసలు కష్టం యాంటీబాడీ లోపాల దగ్గర ఇంకా ఎక్కువ. పుట్టిన బిడ్డ రక్తంలో తల్లి ఇచ్చిన ఐజీజీ అనే యాంటీబాడీ ఉంటుంది కాబట్టి మొదటి కొన్ని నెలలు లోపం బయటపడదు. పెద్దవాళ్లకు ఇమ్యునోగ్లోబ్యులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) ఎక్కించడం మొదలుపెట్టాక టెస్టు చేస్తే కనిపించేవి దాతల యాంటీబాడీలే. టీకా వేసి స్పందన చూద్దామంటే, ఎంత పెరిగితే సరిపోయినట్టో ల్యాబ్‌ల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఈ చిక్కుల మధ్యే కొందరు ఏళ్లపాటు యాంటీబయాటిక్స్ మింగుతూ తిరుగుతున్నారు.

నార్మల్ అంటే ఎవరి నార్మల్ అన్నది మరో పేచీ. ఆఫ్రికన్ మూలాలున్న చాలామందిలో డఫీ అనే జన్యువులోని ఒక తేడా వల్ల న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల సంఖ్య సహజంగానే తక్కువ. దాంతో వాళ్లకు ఇన్ఫెక్షన్లేమీ ఎక్కువగా రావు. అయినా వేరే జనాభా రక్తంతో గీసిన గీతను పెట్టుకుని వాళ్లకు లోపం అంటగట్టిన సందర్భాలు కోకొల్లలు. ఒకే రకం జనాభాను చూసే ఆసుపత్రులు ఎన్ని కలిసినా ఇలాంటి తప్పు బయటపడదు.

యూరప్‌లో యూరోఫ్లో అనే ల్యాబ్‌ల బృందం ఫ్లో సైటోమెట్రీ (కణాలకు రంగులు అంటించి, లేజర్ కాంతిలో రకాలవారీగా లెక్కపెట్టే పద్ధతి) విషయంలో ఇలాంటి పనే పెట్టుకుంది. ఏ రంగు వాడాలి, మెషీన్‌ను ఎలా సెట్ చేయాలి, శాంపిల్‌ను ఎలా సిద్ధం చేయాలి అన్నవి ల్యాబ్‌లన్నీ ఒకేలా పాటించేలా రాసుకున్నారు. ఇలాంటి పనికి పెద్ద పేరు రాదు. కొత్త జన్యువు కనిపెడితే పేరు, ప్రమోషన్, గ్రాంటు అన్నీ వస్తాయి. రెండు ల్యాబ్‌ల లెక్క కుదిర్చినవాడికి దక్కేది పేపర్ చివర ఒక చిన్న థ్యాంక్స్. రోగి దాకా వచ్చేసరికి మాత్రం కుదిరిన లెక్కే అక్కరకొస్తుంది.

కాబట్టి ఇలాంటి ప్రాజెక్టుకు డబ్బు ఇచ్చేవాళ్లు రెండు షరతులు పెట్టాలి. ఒకటి, బడ్జెట్‌లో కొంత భాగం ఉమ్మడి శాంపిళ్లకు, ల్యాబ్‌ల మధ్య పోలికకు కేటాయించాలి. అది ప్రాజెక్టు ముగిశాక కూడా నడవాలి. రెండోది నా దృష్టిలో ఇంకా ముఖ్యం. జబ్బు ఉన్నా పరీక్షకు దొరక్కుండా పోయిన ప్రతి బిడ్డ వివరాలను, పేరు తీసేసి, తల్లిదండ్రుల అనుమతితో భాగస్వాములందరికీ పంపడం తప్పనిసరి చేయాలి. ఆ బిడ్డ ఎండు రక్తపు కార్డు ఇంకా మిగిలి ఉంటే దాన్నీ పంపాలి.