దానియేలు వారాలు, టీచరమ్మ బోర్డు

బైబిల్లో దానియేలు గ్రంథం 9వ అధ్యాయంలో చివరి నాలుగు వచనాల జోలికి వెళ్ళేవారు ముందుగా భోజనం చేసి వెళ్ళాలి. మా వీధి కూడికలో ఆ జాగ్రత్త ఎవరూ తీసుకోలేదు. ఆకలి మీదున్న రిటైర్డు లెక్కల మాస్టారికీ, అంతే ఆకలి మీదున్న రిటైర్డు బ్యాంకు మేనేజరుకూ మధ్య సాక్షాత్తూ గబ్రియేలు దూత వచ్చి నిలబడినా రాజీ కుదరదని ఆ రాత్రి తేలిపోయింది.

కూడిక టీచరమ్మగారింట్లో. ఆవిడ ముందు గదిలో ఏడో తరగతి పిల్లలకు ట్యూషను చెబుతారు కాబట్టి గోడకు పెద్ద తెల్ల బోర్డు ఉంటుంది. బోర్డు కనబడిన చోట మాస్టారు కూర్చోలేరు. పాస్టరుగారు ప్రార్థన ముగించి డెబ్బది వారముల మాట చదివారో లేదో, ఈయన లేచి బల్ల మీదున్న మార్కరు అందుకున్నారు. అది బోర్డు మార్కరు కాదు. టీచరమ్మగారి అబ్బాయి కొరియరు పార్సిళ్ళ మీద చిరునామాలు రాసుకునేది. వానలో నానినా చెరగని రకం. ఆ సంగతి తెలిసిన అబ్బాయి ఊళ్ళో లేడు.

మొదటి మెట్టు దగ్గర గొడవ లేదు. ఇక్కడ వారమంటే ఏడేళ్ళు. యెరూషలేమును తిరిగి కట్టమని ఆజ్ఞ వెలువడింది మొదలు అభిషిక్తుడు, అంటే మావాళ్ళ లెక్కలో యేసు, వచ్చేదాకా 7 వారాలు, ఆపైన 62, వెరసి 69. ఏడుతో గుణిస్తే 483 ఏళ్ళు. అందరూ ఒక్క గొంతుతో "స్తోత్రం" అన్నారు. ఆ రాత్రికి మా సంఘంలో ఐకమత్యం కనబడింది అదే ఆఖరు.

చిక్కేమిటంటే పారసీక రాజులు ఒక్క ఆజ్ఞతో సరిపెట్టుకోలేదు. క్రీ.పూ. 538లో కోరెషు ఒకటి ఇచ్చాడు. అక్కడి నుంచి లెక్కిస్తే క్రీ.పూ. 55 దగ్గర ఆగిపోతాం. ఆ ఏడు సీజరు బ్రిటన్ మీదికి ఓడలు నడిపాడు గానీ మనకు పనికొచ్చేదేమీ జరగలేదు. కోరెషును మర్యాదగా పక్కన కూర్చోబెట్టారు. ఆ తర్వాత అర్తహషస్త రాజు తన ఏలుబడి ఏడో ఏట, క్రీ.పూ. 457లో, యాజకుడు ఎజ్రా చేతికి తాకీదు రాసిచ్చాడు. అదే రాజు ఇరవయ్యో ఏట, 445లో, ద్రాక్షారసం అందించే నెహెమ్యా ముఖం చిన్నబోయి ఉండడం చూసి, వెళ్ళి ఊరు కట్టుకోమని ఉత్తరాలిచ్చి పంపాడు. మాస్టారిది నెహెమ్యా పక్షం, మేనేజరుగారిది ఎజ్రా పక్షం.

మామూలు లెక్కలో మొదలు ఇచ్చి జవాబు కనుక్కోమంటారు. ఈ లెక్కలో జవాబు అందరికీ ముందే తెలుసు. వెతుకులాటంతా మొదలు కోసమే. పెళ్ళి ఖాయం చేసుకున్నాక జాతకాలు కలిపించుకున్నట్టు.

"457 నుంచి 483 ఏళ్ళంటే క్రీ.శ. 27. యేసు బాప్తిస్మం" అన్నారు మేనేజరుగారు.

"26 కదండీ వచ్చేది?" అన్నారు మాస్టారు.

"సున్నా సంవత్సరం లేదండీ. క్రీ.పూ. 1 కాగానే క్రీ.శ. 1. ఒకటి కలపాలి."

నిజమే. 6వ శతాబ్దంలో ఈ శకం లెక్క మొదలుపెట్టిన డయొనీసియస్ అనే సన్యాసి సున్నాను వాడలేదు. మూల కుర్చీలో ఉన్న మామ్మగారికి మాత్రం ఇది మింగుడుపడలేదు. "అయితే ఆ సున్నా ఏట పుట్టిన బిడ్డల గతేమిటి నాయనా?" అని ఆవిడ అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ జవాబు బాకీ ఉంది.

మాస్టారి అవస్థ ఇంకొకటి. 445 నుంచి 483 ఏళ్ళు నడిస్తే క్రీ.శ. 39కి వస్తాం. అప్పటికి యేసుకు సిలువ శిక్ష వేసిన పిలాతే యూదయలో లేడు. కాబట్టి సంవత్సరాన్ని కుదించాలి. ప్రకటన గ్రంథంలో 42 నెలలన్నా 1,260 దినాలన్నా ఒకటే కాబట్టి నెలకు 30, ఏడాదికి 360 రోజులు. 483ని 360తో గుణిస్తే 1,73,880 రోజులు. ఈ దారి వేసిన రాబర్ట్ ఆండర్సన్ లండన్ పోలీసుల్లో పెద్ద అధికారి. 1888లో వైట్‌చాపెల్ హంతకుడి, అదే జాక్ ది రిప్పర్, కేసు నడిచింది ఆయన హయాంలోనే. హంతకుడు చిక్కలేదు గానీ, ఆజ్ఞ వెలువడింది క్రీ.పూ. 445 మార్చి 14న అనీ, యేసు గాడిదపిల్లనెక్కి యెరూషలేములో ప్రవేశించింది క్రీ.శ. 32 ఏప్రిల్ 6న అనీ ఆయన రోజుతో సహా తేల్చేశాడు. మొత్తం మన మామూలు సంవత్సరాల్లో 476 ఏళ్ళ 24 రోజులు.

మాస్టారు విజయగర్వంతో బోర్డు నిండా రాశారు: 445 + 32 = 476.

"477 అండీ" అన్నారు మేనేజరుగారు, నోట్లకట్టలో ఒకటి తగ్గినట్టు ఉలిక్కిపడి.

"సున్నా ఏడాదిని ఇందాక తీసేసింది మీరే కదండీ."

మేనేజరుగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత న్యూటన్‌ను దించారు. న్యూటన్ కూడా ఎజ్రా వైపే. 457 నుంచి క్రీ.శ. 34 దాకా డెబ్బై వారాలూ, అంటే 490 ఏళ్ళూ లెక్కగట్టాడు. "మీకు న్యూటన్ ఉంటే మాకు స్కాట్లండ్ యార్డు ఉంది" అన్నారు మాస్టారు, ఆండర్సన్ గారి లండన్ పోలీసులను తలచుకుని. ఇదే అదనుగా చరిత్ర చెప్పే లెక్చరరు గొంతు సవరించుకుని, చాలామంది పండితులు ఈ ప్రవచనాన్ని క్రీ.పూ. 2వ శతాబ్దంలో యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేసిన అంతియొకసు రాజు కాలానికి అన్వయిస్తారనీ, చంపబడిన అభిషిక్తుడు ప్రధాన యాజకుడు ఓనీయా అంటారనీ మొదలుపెట్టాడు. ఇరుపక్షాలూ ఏకమై అతన్ని మంచినీళ్ళు తెమ్మని పంపించాయి.

లోపల పులావు చల్లారిపోయింది. పెరుగుపచ్చడి నీరు వదిలేసింది. చివరికి పాస్టరుగారు లేచి, ఈ వారాల మీద పెద్దలు చెప్పినవన్నీ వరసగా రాసి తన మాట మాత్రం చెప్పకుండా తప్పుకున్న పాతకాలపు బైబిలు పండితుడు జెరోమును తలచుకుని, "12వ అధ్యాయంలో దానియేలే విన్నాను గాని గ్రహింపలేదన్నాడు. భోజనాలు చేద్దాం" అని ముగింపు ప్రార్థన చేశారు.

బోర్డు తుడవబోతే అసలు విషయం బయటపడింది. తడిగుడ్డ, కిరోసిను, కొబ్బరినూనె, గోళ్ళరంగు చెరిపే మందు, అన్నీ అయ్యాయి. మిగతా అంకెలు కాస్త అలుక్కున్నాయి గానీ 445 + 32 = 476 మాత్రం బబులోనులో బెల్షస్సరు రాజు గోడ మీద దేవుడు రాయించిన రాతలా నిలిచిపోయింది.

మర్నాడు పొద్దున టీచరమ్మ వంటింట్లో ఉండగానే ట్యూషను పిల్లలు వచ్చి, బోర్డు మీదున్నది బుద్ధిగా నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. సాయంత్రానికల్లా ఒక పిల్లవాడి తండ్రి పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన ఎరువుల కొట్లో గుమస్తా. "అమ్మా, ఈ ఒకటి ఎక్కడికి పోయింది?" అన్నాడు. కోపంగా కాదు, జీతం తీసుకునే మనిషి అడిగే తీరులో.

టీచరమ్మ మాస్టారికి కబురంపింది. ఆయన కోరెషు దగ్గర మొదలుపెట్టారు. గుమస్తా కుర్చీ లాక్కుని అంతా విన్నాడు. మధ్యలో టీ తాగాడు. అంతా అయ్యాక ఒకటే అడిగాడు.

"మొదలు మార్చి 14, ముగింపు ఏప్రిల్ 6. అంతేనా అండీ?"

"అంతే."

"అయితే మధ్యలో మార్చి 31 పడింది కదండీ. మొదటి తేదీ పాత ఆర్థిక సంవత్సరంలోకి పోతుంది, రెండోది కొత్త దాంట్లోకి వస్తుంది. మా పద్దు ప్రకారం 477 సరిపోయింది."

మాస్టారు మార్కరు కోసం బల్లంతా తడిమారు. టీచరమ్మ దాన్ని పొద్దుననే బియ్యం డబ్బాలో పాతిపెట్టారు.